మార్తా బేకరీలో వాసన పోయిన ఏడాది

నాంపల్లి స్టేషన్ రోడ్డు మీంచి ఆబిడ్స్ వైపు నడిచేవాళ్లకు దారిలో ఒక సన్నటి గల్లీ తగులుతుంది. బోర్డు చూసి ఆ గల్లీలోకి తిరిగేవాళ్లు తక్కువ. నెయ్యీ యాలకులూ కలిసి కాలుతున్న వాసన ముక్కుకు తగిలి, వెళ్లాల్సిన పని మర్చిపోయి తిరిగేవాళ్లే ఎక్కువ. ఆ వాసన మార్తా బేకరీది. మెదక్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన తన భార్య పేరు పెట్టుకుని మొదలుపెట్టిన దుకాణం అది. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది ఆయన మనవరాలు మాబెల్, ఆమె భర్త ఆనంద్ పాల్.

ఆ బేకరీలో పేరు పడ్డది నాన్‌ఖతాయి. మైదా, కాస్త బొంబాయి రవ్వ, చక్కెర పొడి, యాలకులు, నెయ్యి. అంతే. మిషను ఏమీ లేదు. మాబెల్ పిండిని అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట నొక్కి, అందులో ఒక సారపప్పు గింజ పెడుతుంది. ఆనంద్ పాల్ ఆ ట్రేలను పొడుగాటి కర్రతో కట్టెల భట్టీలోకి తోస్తాడు. ఆయన పెళ్లయిన కొత్తలో చాదర్‌ఘాట్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. ప్రెస్సు మూతపడ్డాక భట్టీ దగ్గరికి వచ్చాడు, ఇక కదల్లేదు.

భట్టీలోంచి ట్రే ఎప్పుడు తీయాలన్నది మాత్రం ఎప్పుడూ ఆ ఇంటి ఆడవాళ్లే చెప్పారు. మార్తమ్మ చెప్పింది, ఆమె తర్వాత మాబెల్ తల్లి చెప్పింది, ఆ తర్వాత మాబెల్. గడియారం చూసి కాదు, వాసన చూసి. మొదట తడిపిండి వాసన వస్తుంది. కాసేపటికి అది పాలు కాగిన వాసనవుతుంది. ఆ తర్వాత వేయించిన రవ్వ. రవ్వ వాసన కూడా మెల్లగా పోయి, ఎండలో ఆరేసిన దుప్పటిని మొహానికి కప్పుకున్నట్టు ఒక వెచ్చటి వాసన లేస్తుంది. అది ఎక్కువసేపు ఉండదు. అప్పుడే మాబెల్ "తియ్యుండ్రి" అనేది. పిల్లప్పుడు తల్లి కొంగు పట్టుకుని నిలబడి నేర్చుకున్న విద్య అది. తనకు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

రెండోసారి లాక్‌డౌన్ పెట్టిన ఆ ఎండాకాలం మాబెల్‌కు జ్వరం వచ్చింది. పెద్ద ప్రమాదం లేకుండానే తగ్గింది. దుకాణం మళ్లీ తెరిచిన రోజు పొద్దున ఆమె పిండి కలిపింది, ఉండలు చేసింది, ట్రే లోపలికి వెళ్లాక ఎప్పట్లాగే భట్టీ మూతకు దగ్గరగా వంగింది. వేడి వచ్చింది. వాసన రాలేదు.

ఇంకాస్త వంగింది. కనురెప్పలు కాలేంత దగ్గరికి వెళ్లింది. గోడకు చెవి ఆనించి పక్కింట్లో మనుషులు ఉన్నారా లేరా అని విన్నట్టు, ఆ వేడి ముందు చాలాసేపు నిలబడింది. అవతల ఎవరూ లేరు.

ఎవరికీ చెప్పలేదు. వారం రోజుల్లో అదే వస్తుందని జనం అనుకోవడం వింది కదా, వస్తుందిలే అనుకుంది. రాలేదు. చర్చిలో మోకాళ్లూని కూర్చున్నప్పుడు కూడా ఆ మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయేది. తమ గల్లీలోనే ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. అలాంటప్పుడు ముక్కు గురించి దేవుణ్ణి అడగడానికి ఆమెకు సిగ్గేసింది. దేవుణ్ణే అడగలేనిది భర్తకు ఏం చెబుతుంది? "ఒంట్లో మంచిగనే ఉందా?" అని ఆనంద్ పాల్ అడిగితే "ఔ, మంచిగనే ఉంది" అనేది.

రంగు చూసి ట్రేలు తీయించడం మొదలుపెట్టింది. మాడతాయేమోనన్న భయంతో ఎప్పుడూ కాస్త ముందే తీయించేది. రోజూ సాయంత్రం స్టీలు డబ్బా పట్టుకుని వచ్చే వామన్‌రావు సారు, గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో లెక్కలు చెప్పి రిటైరైనాయన, ఒక నాన్‌ఖతాయిని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏంది మాబెలమ్మా, ఈ మధ్య బిస్కెట్లు జర భయపడ్డట్టు కనబడ్తున్నయి?"

మాబెల్ నవ్వేసింది. ఆయన వెళ్లాక ఆ మాటే తలుచుకుంటూ కూర్చుంది.

ఆ రోజుల్లో ఆమెకు ఒక కొత్త అలవాటు అయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మేడ మీద పిండి బస్తాల పక్కన చాప వేసుకుని ఒక కునుకు తీసేది. ఆ కునుకులో వాసన వచ్చేది. కల అంటే పెద్దగా ఏమీ జరిగేది కాదు. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. కిటికీ రెక్క కొంచెం తెరుచుకుని ఉండేది, వెలుతురులో పిండి రజను తేలుతూ ఉండేది, కింద నుంచి మెట్ల మీదుగా వాసన ఎక్కి వచ్చేది. వరద నీళ్లు ఇంట్లోకి వచ్చినట్టు మొదట గచ్చు మీద పరుచుకుని, చాప తడిపి, మెల్లగా గదంతా నిండేది. ఆమె అందులో తేలుతూ ఉండేది. స్టేషన్లో రైలు కూత వేయగానే మెలకువ వచ్చేది. కళ్లు తెరిచేసరికి నీళ్లన్నీ ఇంకిపోయి గది పొడిగా ఉండేది. కొన్నాళ్లకు ఆమె నిద్రపోవడానికి కాకుండా, ఊరికి బయల్దేరినట్టు మేడ ఎక్కసాగింది.

వాసన పోయిన సంగతి మొదట కనిపెట్టింది శంకరమ్మ. మొజంజాహీ మార్కెట్ దగ్గర పూలమ్ముతుంది. సాయంత్రం ఇంటికి వెళ్తూ బేకరీలో చాయ్ తాగి, రెండు బిస్కెట్లు తిని, బుట్టలో మిగిలిన మూర పూలు గాజు సీసా మీద పెట్టి వెళ్తుంది. మాబెల్ పూలు పెట్టుకోదు. అయినా శంకరమ్మ ఊరుకోదు. ఒక వానాకాలపు సాయంత్రం ఆమె కాగితం పొట్లం ఒకటి ఇచ్చింది. పిండి చేతులతో ఉన్న మాబెల్, లోపల ఏముందో సరిగా చూడకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని, "అబ్బ, ఎంత మంచిగ వాసనొస్తున్నయి శంకరమ్మా!" అంది.

శంకరమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"కనకాంబరాలమ్మా అవి."

మాబెల్ పొట్లం విప్పి చూసింది. నిజమే. పొట్లం నిండా కనకాంబరాలు, వాననీటి చుక్కలతో మెరుస్తూ.

"కనకాంబరాలకు వాసనెక్కడిది?" శంకరమ్మ గొంతు తగ్గించింది. "ఎప్పట్నుంచి గిట్ల?"

"జ్వరమొచ్చినప్పట్నుంచి."

"మీ ఆయనకు తెల్సా?"

"తెల్వదు. చెప్పకు."

"నేనెందుకు చెప్త. కని ఎన్నొద్దులు దాస్తవమ్మా? గిది కొంగుల ముడేస్కునేదా?"

ఆ తర్వాత శంకరమ్మ కాస్త ముందే రావడం మొదలుపెట్టింది. గడప మీద కూర్చుని, చాయ్ తాగుతూ, ఎటో చూస్తూ, "ఇగ అయినట్టుందమ్మా" అనేది. పూలమ్మే శంకరమ్మకు మల్లెకూ జాజికీ తేడా తెలిసినంత బాగా రవ్వకూ దుప్పటికీ తేడా తెలియదు. అయినా అది మాబెల్‌కు పెద్ద ధైర్యంగా ఉండేది.

దసరాకు ముందు మృదుల వచ్చింది. గన్‌ఫౌండ్రీలో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి. భర్త సుశాంత్ అక్కడే బ్యాంకులో పనిచేస్తాడు. ఆమెకు నాలుగో నెల. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గల్లీలోకి వచ్చి, బేకరీ ముందు రుమాలు తీసేసింది. చేతిలో ఒక చిన్న నెయ్యి డబ్బా.

"ఆంటీ, మా అమ్మ జగిత్యాల నుంచి పంపింది. ఈ నెయ్యితోని నాన్‌ఖతాయి చేసిస్తరా? ఇంకేం తిన్నా కడుపుల ఉంటలేదు."

ఇంటి నుంచి నెయ్యీ పిండీ తెచ్చి బిస్కెట్లు కాల్పించుకోవడం అక్కడ పాత అలవాటే. క్రిస్మస్‌కూ రంజాన్‌కూ జనం డబ్బాలతో వరస కడతారు. మాబెల్ ఆ డబ్బా అందుకుని, "సాయంత్రం వచ్చి తీస్కపో బిడ్డా" అని పంపించింది.

ఆ రోజు కట్టెలు బాగా ఎండినవి పడ్డాయి. భట్టీ మామూలు కంటే కోపంగా ఉంది. శంకరమ్మ వచ్చే వేళ ఇంకా కాలేదు. ఎవరో క్రిస్మస్ కేకు గురించి అడుగుతుంటే మాబెల్ అటు తిరిగి మాట్లాడుతోంది. వెనకాల కట్టెలు పేరుస్తున్న ఆనంద్ పాల్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది మాబెల్! గల్లీ మొత్తం మాడువాసన! నువ్వు గీడనే నిలబడ్డవ్ గద?"

ఆయన ట్రే లాగాడు. నాన్‌ఖతాయిలన్నీ బొగ్గులయ్యాయి. ఆమె బొటనవేలి గుంటలు మాత్రం వాటి మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. పొగకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ పోయినా అవి ఆగలేదు.

"నాకు వాసన వస్తలేదు," అంది. "ఎండాకాలం నుంచి. ఏ వాసనా లేదు."

ఆనంద్ పాల్ ఆమె వైపు తిరిగాడు.

"ఇంకెవరికన్న తెల్సా?"

"శంకరమ్మకు తెల్సు."

ఆయన ట్రేని గోడకు ఆనించి, కట్టెల మొద్దు మీద కూర్చున్నాడు. "పూలమ్మే శంకరమ్మకు తెల్సు. పక్కన పండుకునేటోనికి తెల్వదు," అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మాబెల్‌కు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ అన్నం ముందు కూర్చున్నారు గానీ ఎవరూ సరిగా తినలేదు. చివరికి ఆయనే, "ఇగ నేను నిలబడ్త భట్టీ కాడ. నువ్వు పిండి చూస్కో," అన్నాడు. మర్నాడు నిలబడ్డాడు కూడా. కానీ ఏళ్ల తరబడి పొగ మింగిన ముక్కు అది. ఆయనకు అన్నీ ఒక్కటే వాసన. వాళ్ల కూతురు జెర్లిన్ ఆఫీసు నుంచి వస్తూ ఒక టైమర్ కొనుక్కొచ్చింది. కట్టెల భట్టీ టైమర్ మాట వినలేదు. ఒకరోజు పచ్చిగా, ఒకరోజు గట్టిగా వచ్చాయి.

ఇదంతా జరగకముందు, ట్రే మాడిన ఆ సాయంత్రమే, మాబెల్ మృదుల ఇంటికి వెళ్లింది. తల్లి పంపిన నెయ్యి పాడుచేసిన సంగతి ఫోన్లో చెప్పేది కాదు. రెండో అంతస్తు మెట్లెక్కి ఇంకా బెల్లు కొట్టనేలేదు, తలుపు తెరుచుకుంది.

"మాడినయి కదా ఆంటీ?" అంది మృదుల.

"నీకెట్ల తెల్సు?"

"మీరు కింద గేటు తీసినప్పుడే వచ్చింది వాసన. మీ చీరెకుంది."

మాబెల్ గుమ్మంలోనే నిలబడిపోయింది. మృదుల ఆమెను లోపల కూర్చోబెట్టి తన బాధ చెప్పుకుంది. వంటింట్లోకి వెళ్లలేకపోతోందట. సబ్బు వాసన, భర్త తలనూనె, లిఫ్టులో ఎవరో పూసుకున్న సెంటు, పైఇంటివాళ్ల పోపు, అన్నీ మీద పడి కొడుతున్నాయట. రాత్రి తడి గోడ వాసనకు కూడా నిద్ర లేస్తోందట.

"మీ గల్లీలకొస్తేనే నిండుగ ఊపిరి పీల్చుకుంట. గందుకే పొద్దున వచ్చిన."

అప్పుడు మాబెల్ తన సంగతి చెప్పింది. శంకరమ్మ దగ్గర గొంతు తగ్గించి చెప్పిన మాట, భర్త దగ్గర ఏడుస్తూ చెప్పిన మాట, ఈ పరాయి పిల్ల దగ్గర మామూలుగా చెప్పేసింది. మృదుల కళ్లు పెద్దవి చేసుకుని వింది. "దేవుడు మీది కూడ తెచ్చి నాకే పెట్టిండా ఏంది?" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. మొదలుపెట్టాక ఆపుకోలేకపోయారు. సుశాంత్ లోపలి గదిలోంచి వచ్చి, ఏం జరిగిందో తెలియక వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆ వారంలోనే మృదుల వచ్చి బేకరీ బెంచీ మీద కూర్చుంది. ఇంట్లో ఉండలేకపోతున్నాను, ఇక్కడ కూర్చుంటానంది. మాబెల్ ఆమె వీపు వెనక ఒక మెత్త పెట్టింది. మొదటి ట్రే లోపలికి వెళ్లింది. మృదుల కళ్లు మూసుకుంది.

"తడి కాగితం... ఇప్పుడు పాలు, ఆంటీ. పాలు పొంగుతున్నయి..."

"చూడు. తొందరలేదు."

"ఉప్మా చేసేటప్పుడు వస్తది కదా, రవ్వ... ఆఁ. రవ్వ పోతుంది. ఆంటీ, ఏదో వెచ్చగ... ఇప్పుడు!"

ఆనంద్ పాల్ లాగాడు. ట్రే మీద నాన్‌ఖతాయిలు లేత గోధుమరంగులో, అంచుల దగ్గర సన్నగా పగిలి, చాలా రోజుల తర్వాత సరిగ్గా కాలి ఉన్నాయి. మృదుల వేడిగా ఉన్నదే ఒకటి అందుకుని ఊదుకుంటూ తింది. ఇంకోటి తింది. కడుపులోనే నిలిచాయి.

అలా ఆ చలికాలమంతా బేకరీకి ముక్కు మృదులే అయింది. సంగతి దాచాల్సిన పని లేకపోయేసరికి మాబెల్ వచ్చినవాళ్లందరినీ అడగడం మొదలుపెట్టింది. "మీకేం వాసనొస్తుంది, జర చెప్పున్రి?" బిస్కెట్లు కట్టించుకుని వెళ్లిపోయేవాళ్లు ఆ ప్రశ్నకు ఆగేవాళ్లు. ఎన్నడూ ఆలోచించని విషయం కదా, కళ్లు మూసుకునేవాళ్లు. వామన్‌రావు సారు చాలాసేపు తటపటాయించి, "బడి విడిచిపెట్టినంక, వాన ఎలిసినంక, జేబుల చాక్‌పీస్ ముక్క ఉన్నట్టు," అన్నాడు. చెప్పాక తనకే ఆశ్చర్యమేసినట్టు డబ్బా మర్చిపోయి వెళ్లి, మళ్లీ వచ్చాడు. దగ్గర్లోని దవాఖానలో నర్సుగా చేసే స్నేహ, "డ్యూటీ దిగి చేతులు కడుక్కున్నంక, ఇగ ఇంటికి పోవచ్చు అన్నప్పుడు వస్తది చూడుండ్రి, గది," అంది. ఒకావిడ మాత్రం ఏమీ చెప్పలేక కళ్లు తుడుచుకుని వెళ్లింది. ఆమెను మాబెల్ ఇంకేమీ అడగలేదు.

ఇన్నాళ్లూ ఆ వాసన తమ ఇంటిదే అనుకుంది మాబెల్. గల్లీ దాటాక అది ఎవరెవరి ఇళ్లలోకి వెళ్లి ఏమేమిగా మారుతోందో ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నం కునుకులో ఇప్పుడు ఆ వరద నీళ్లలో వాళ్లందరూ తేలుతూ కనిపించేవాళ్లు. సారు చాక్‌పీసుతో, స్నేహ తడి చేతులతో, ఎవరి తొందరా లేకుండా.

క్రిస్మస్ వారం గల్లీ నిండా జనం, డబ్బాలు. మృదుల పెద్ద పొట్టతో బెంచీ మీద కూర్చుని, "తీయండంకుల్!" అని కేకేస్తుంటే, వరసలో నిలబడ్డవాళ్లు కూడా అందుకునేవాళ్లు. సంక్రాంతి వెళ్లాక ఆమె పురిటికి జగిత్యాల వెళ్లింది. వెళ్లేముందు మాబెల్ ఆమె తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. ఫాల్గుణమాసంలో ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది.

బెంచీ ఖాళీ అయ్యాక మాబెల్ కంగారు పడలేదు. ఒకరు పక్కన కూర్చుని రోజూ చెబుతుంటే, ఏ మాట దగ్గర చెంపకు ఎంత వేడి తగులుతుందో, నెయ్యి ఏ చప్పుడు చేస్తుందో ఆమెకు తెలిసింది. కొన్ని ట్రేలు బాగా వచ్చేవి, కొన్ని అటూఇటూగా. జనం రెండూ కొనుక్కెళ్లారు.

మామిడిపళ్ల కాలం వచ్చింది. ఒక పొద్దున ఆమె సారపప్పు కోసం మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్లింది. పళ్ల దుకాణాల వెనక పక్క, చెత్తబండి కోసం పోసిన కుప్ప దాటుతుండగా, ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఆగిపోయింది. కుళ్లిన మామిడిపళ్లు. తడిసిన గోనెసంచులు. ఈగలు ముసురుతున్న ఆ కుప్ప నుంచి పులిసిన, బరువైన కంపు.

మాబెల్ కుప్పకు ఇంకా దగ్గరగా జరిగింది. మళ్లీ పీల్చింది. దారినపోయేవాళ్లు ముక్కు మూసుకుని తప్పుకుంటుంటే ఆమె రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, నిండుగా, ఆబగా పీలుస్తూ ఏడ్చింది. రోడ్డు అవతల నుంచి చూసిన శంకరమ్మ పూల బుట్ట వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా? పడ్డవా?"

"కంపు శంకరమ్మా! కంపొస్తుంది!"

శంకరమ్మ ఆమెను గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆ కుప్ప వైపు చూసి, "మంచిదేనాయె గని, జర పక్కకు రా తల్లీ, నాకు కూడ వస్తుంది," అంది.

ఈసారి మాబెల్ ఎవరి దగ్గరా ఆగలేదు. ఇంటికి వెళ్లి ముందు ఆనంద్ పాల్‌కు చెప్పింది. ఆయన చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. "ముందుగాల నాకే చెప్తున్నవా?" అన్నాడు. "శంకరమ్మ గాడనే ఉండె. గామె లెక్కల రాదు," అంది మాబెల్. ఆయన మొహం విప్పారింది.

వచ్చిన వాసన తిన్నగా రాలేదు. మొదట్లో నెయ్యి కిరోసిన్‌లా కొట్టేది. యాలకులు రబ్బరు చెప్పుల్లా ఉండేవి. పిండి కలుపుతూ ముక్కుకు గుడ్డ కట్టుకున్న రోజులున్నాయి. వానలు మొదలయ్యాక మెల్లగా సర్దుకున్నాయి. మృదుల బిడ్డను ఎత్తుకుని వచ్చే నాటికి మాబెల్ మళ్లీ భట్టీ ముందు నిలబడుతోంది. మృదుల బెంచీ మీద కూర్చుని అలవాటుగా కళ్లు మూసుకుంది, తర్వాత తెరిచింది.

"నాకిప్పుడు అంత తెలుస్తలేదు ఆంటీ. అందరికొచ్చినట్టే వస్తుంది. మీకు పాత వాసన మొత్తం వచ్చిందా?"

మాబెల్ ఆలోచించింది. "పాతది రాలే బిడ్డా. దుప్పటి వాసన రాలే. దాని జాగల ఇంకేదో వస్తుంది. కాల్తున్నదాంట్ల కొంచెం పచ్చి మామిడి ఉన్నట్టు. మాయమ్మకు చెప్తే నవ్వుతుండె. కని గదొచ్చినప్పుడు తీస్తే, మంచిగ కాలుతున్నయి."

"దానికి పేరేం పెడ్తరు?"

"పేరేం లేదు. వచ్చినప్పుడు తెలుస్తది."

ఒళ్లో బిడ్డ నిద్రలో పెదాలు కదిలించింది.

ఇప్పుడు ఆదివారాలు చర్చి అయిపోయాక మాబెల్, ఆనంద్ పాల్ తిన్నగా ఇంటికి రారు. ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, ఆ వరస వెంట నడుస్తారు. ఏ వాసన కొత్తగా తెలిసినా ఆమె ఆయనకు చెప్పాలి. అది ఆయన పెట్టిన షరతు. మొన్న ఒక ఆదివారం చినుకులు పడబోతుంటే పుస్తకాలవాళ్లు ప్లాస్టిక్ పట్టాలు విప్పుతున్నారు. మాబెల్ ఒక లావుపాటి పుస్తకం తీసి, మధ్యకు తెరిచి మొహం పెట్టింది.

"ఏమొస్తుంది?" అన్నాడు ఆనంద్ పాల్.

"మీ ప్రెస్సు. పెండ్లైన కొత్తల మీ అంగీకి ఉండేది, గది."

ఆయన ఆ పుస్తకం అందుకుని గట్టిగా పీల్చాడు. దుమ్ము ముక్కులోకి వెళ్లి వరసగా తుమ్మాడు. పుస్తకాలాయన నవ్వాడు. చినుకులు పెద్దవయ్యాయి. ఇద్దరూ ఆ పట్టా కిందికే జరిగి, వాన వెలిసేదాకా అక్కడే నిలబడ్డారు.